మిద్దె మీద సినిమా, ఆ తర్వాత దేవుడి మాటలు: చర్చ ఎలా పెట్టాలి?

దేవుడి గురించి నలుగురు కూర్చుంటే మాట ఎటు పోతుందో తెలిసిందే. ఒకరు ఉన్నాడంటారు, ఇంకొకరు లేడంటారు, టీ చల్లారిపోతుంది. మధ్యలో ఒక సినిమా ఉంటే ఆ గొడవ తగ్గుతుంది. కథలోవాళ్ళ గురించి మాట్లాడుతూనే జనం తమ సంగతులు చెప్పేస్తారు.

ముందు సినిమా ఎంచుకోండి. గుడి బయట నిలబెట్టినవాళ్ళు, ఊరు పిచ్చివాడన్న మనిషి, అడవిలో బతికేవాళ్ళు, ఇలాంటివాళ్ళకీ దేవుడికీ మధ్య కథ నడవాలి. నెల్లూరులో మొదటిసారి పెట్టేవాళ్ళకు నేను చెప్పేది 1958లో వచ్చిన ‘చెంచులక్ష్మి’. పెంచలకోన నరసింహస్వామి చెంచుల ఆడపడుచును పెళ్ళాడిన కథ ఇక్కడ అందరికీ తెలుసు కాబట్టి ఉపోద్ఘాతం అక్కర్లేదు. ఇంకో సౌకర్యం కూడా ఉంది. మన చట్టంలో సినిమా మీద కాపీరైట్ విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళే, అంటే దీనికి 2018తో తీరిపోయింది. పాటల హక్కుల లెక్క వేరు, అందుకని టికెట్ పెట్టి హాల్లో వేయాలంటే కనుక్కుని వేయండి. ఇంట్లో పదిమందికి ఆ టెన్షన్ లేదు.

సినిమా పొడుగు. ప్రహ్లాదుడి కథ అయ్యాకే నరసింహుడు అడవిలోకి వస్తాడు. టైం లేకపోతే అక్కణ్ణుంచి వేసుకోండి. ఎస్వీ రంగారావు హిరణ్యకశిపుణ్ణి వదులుకోవడం కష్టమే అనుకోండి!

ఎండాకాలమైతే ఏడు దాటాక మిద్దె మీద మొదలుపెట్టండి. దుప్పటిని తెరగా కడితే గాలికి ఊగకుండా కింద అంచుకు ఇటుకలు పెట్టండి. దోమల చుట్టలు మర్చిపోతే చర్చ జరగదు, చప్పట్లే జరుగుతాయి.

అసలు పని సినిమా అయ్యాక. టీ ఇచ్చి, “ఎలా ఉంది?” అని మాత్రం అడక్కండి. “బాగుంది” అంటారు, అక్కడితో సరి. ఒక్క సీను పట్టుకోండి. చెట్లెక్కగలవా, పుట్టలెక్కగలవా అని చెంచిత నరహరిని నిలదీసే పాట ఉంది కదా, దాన్ని మళ్ళీ వేసి అడగండి: ఇక్కడ బయటివాళ్ళెవరు? మనం చెంచులనే బయటివాళ్ళనుకుంటాం. కానీ అడవి ఆమెది, వచ్చినవాడే పరాయివాడు. హిరణ్యకశిపుణ్ణి చీల్చినవాడైనా సరే, చెట్టెక్కడం రాకపోతే ఆమె ముందు పనికిరాడు. ఈ మాట దగ్గర జనం కదులుతారు. వెంటనే రెండో ప్రశ్న వేయండి. చెంచిత వేషం కట్టింది అంజలీదేవి. ఈ కథను నల్లమల గూడెంలోవాళ్ళు తీసి ఉంటే ఏ సీను ఉండేది, ఏది పోయేది?

వచ్చినవాళ్ళలో యానాది మిత్రుడో, చర్చికి వెళ్ళే అక్కో ఉంటే “మీవాళ్ళ సంగతి చెప్పండి” అని మైకు చేతికిచ్చినట్టు అడగడం మర్యాద కాదు. చెప్పాలనిపిస్తే వాళ్ళే చెబుతారు. అప్పుడు మధ్యలో ఎవరూ అడ్డు రాకుండా చూడటం మీ పని. మతం చూడకుండా కోరికల రొట్టెలు ఇచ్చిపుచ్చుకునే మన రొట్టెల పండగకు బారాషహీద్ దర్గా దగ్గర ఎవరు ఎవరి రొట్టె పట్టుకున్నారో ఎవరైనా ఎత్తుకుంటే సాగనివ్వండి, అది దారి తప్పడం కాదు.

ఒక పెద్దాయన ప్రవచనం అందుకుంటారు, ఎక్కడైనా ఉండేదే. “సార్, ఆ సీను ఇంకోసారి చూద్దామా” అని ప్లే నొక్కండి. ఎవరికీ చిన్నతనం ఉండదు.

రెండోసారికి కె.వి. రెడ్డి తీసిన ‘యోగి వేమన’ (1947) మంచిది. వేమనగా నాగయ్యను చూశాక మాట మన నెల్లూరు పక్క అవధూత గొలగమూడి వెంకయ్యస్వామి మీదికి తప్పక పోతుంది. ఆయన్నీ జనం మొదట్లో పిచ్చి వెంకయ్య అనే పిలిచారు. ఆ రాత్రి తొందరగా తెమలదు, శనివారమే పెట్టుకోండి.