వందల మంది తరగతికి పాఠం చెప్పడం – 4: ఒకే ప్రశ్న, రెండు ఓట్లు

పాత జవాబు పత్రాలు ముందేసుకుని, విద్యార్థులు పదేపదే చేసే పొరపాట్లను ఏరి, వాటితోనే బహుళైచ్ఛిక ప్రశ్న తయారు చేయమని కిందటి పాఠంలో చెప్పాను. ఆ ప్రశ్న మీద తరగతి చేత ఓటు వేయించి, వారిలో వారిని చర్చించుకోనిచ్చి, మళ్ళీ ఓటు వేయించడం ఎలాగో ఈ పాఠంలో చూద్దాం. తీరిక దొరకని వారు ఈసారికి నా ప్రశ్న వాడుకోండి.

బంతిని నిట్టనిలువుగా పైకి విసిరాం. గాలి నిరోధం లేదనుకుందాం. అత్యధిక ఎత్తుకు చేరిన క్షణంలో దాని త్వరణం ఎంత? 1. సున్నా. 2. పైకి 9.8 మీ./సె². 3. కిందికి 9.8 మీ./సె². 4. బంతి బరువు తెలియకుండా చెప్పలేం.

ప్రవేశ పరీక్షల కోసం ఇలాంటి లెక్కలు కుప్పలుగా చేసి వచ్చిన పిల్లలే ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో ‘సున్నా’ అంటారు. సరైన జవాబు 3. సూత్రం నోటికి వచ్చు. వేగం వేరు, అది మారే రేటైన త్వరణం వేరు అన్నది మాత్రం మనసుకెక్కలేదు.

ప్రశ్నను తెరమీద చూపించి, ఒకసారి చదివి, నోరు మూసుకోండి. ఈ పద్ధతిలో అన్నిటికన్నా కష్టమైన పని ఇదే. ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక సెకను కూడా ఆగడం లేదని అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రోవ్ 1970లలోనే గమనించారు. మీరు గడియారం చూస్తూ ఒకటిన్నర నిమిషం ఆగండి. ఈలోగా సూచనలివ్వడం, ‘తేలికే కదా’ అనడం వద్దు.

తర్వాత ఓటు. క్లిక్కర్లు (బటన్ నొక్కి జవాబు పంపే చిన్న పరికరాలు) లేవని బెంగ అక్కర్లేదు. మీరు ‘చూపండి’ అనగానే అందరూ ఒక్కసారిగా, ఎంచుకున్న జవాబు సంఖ్యకు తగినన్ని వేళ్లను ఛాతీకి ఆనించి చూపాలి. చేయి పైకెత్తితే వెనక బెంచీలు ముందు బెంచీలను చూసి ఓటేస్తాయి. వేదిక మీది నుంచి ఒక్కొక్కరినీ లెక్కపెట్టలేరు, అవసరం కూడా లేదు. సరైన జవాబు కొద్దిమందిదా, సుమారు సగం మందిదా, ఎక్కువమందిదా అన్నది తెలిస్తే చాలు. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెబుతూ 1991 నుంచి ఈ పద్ధతిని తీర్చిదిద్దిన ఎరిక్ మజూర్ పెట్టిన హద్దులు సుమారు 30, 70 శాతం. 30కి తక్కువైతే భావనను మళ్ళీ వివరించాలి. 70 దాటితే కాస్త చెప్పి ముందుకు సాగాలి. చర్చకు అనువైనది ఆ రెంటి నడుమ ఉన్న తరగతే.

అలా నడుమ ఉంటే సరైన జవాబు చెప్పకండి. దేనికి ఎన్ని ఓట్లు పడ్డాయో కూడా బయటపెట్టకండి. పెడితే చర్చ మాని మెజారిటీ వైపు జరుగుతారు. ‘మీతో విభేదించినవారిని వెతుక్కుని ఒప్పించండి, మూడు నిమిషాలు’ అనండి. గది సంతలా మారుతుంది. వరండాలో వెళ్తున్న ప్రిన్సిపాల్ తొంగిచూస్తే చూడనివ్వండి. మీరు వేదిక దిగి బెంచీల మధ్య తిరుగుతూ వినండి. ‘పైన ఆగిపోయింది కదా, త్వరణం ఇంకెక్కడిది?’ అని ఒకరు. ‘త్వరణమే లేకపోతే అక్కడే ఉండిపోవాలి, మరి కిందికెలా వస్తుంది?’ అని పక్కవారు. ఇంత సూటి మాట మనకు వేదిక మీద తట్టదు.

తెలిసినవాడు చెబితే మిగతావారు కాపీ కొడతారేమో అన్న అనుమానం న్యాయమైనదే. కొలరాడో విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్ర తరగతిలో దీన్ని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. చర్చ తర్వాత అదే భావన మీద మరో ప్రశ్న ఇచ్చి ఎవరికి వారినే రాయమన్నారు. మొదట ఎవరికీ జవాబు తెలియని గుంపుల్లోని వారు కూడా మెరుగుపడినట్టు తేలింది.

ఇక రెండో ఓటు, దాని వెంటనే మీ వివరణ. ఎక్కువమంది సరిగ్గా చెప్పారని వివరణ ఎగరగొట్టకండి. సున్నా అన్నవారి తర్కం ఎక్కడ తప్పిందో బోర్డు మీద చూపాలి. మొత్తం ఎనిమిది నిమిషాలవుతుంది. సిలబస్ సాగదంటారా? పుస్తకంలో అచ్చయి ఉన్న ఉత్పాదనను (సూత్రాన్ని మెట్టుమెట్టుగా రాబట్టే క్రమాన్ని) బోర్డు మీదికి ఎక్కించే సమయంలోంచి ఇది తీసుకోండి.

ఒక ముందుజాగ్రత్త. హార్వర్డ్‌లోనే 2019లో వెలువడిన పరిశీలనలో, ఇలాంటి తరగతుల్లో విద్యార్థులు ఎక్కువ నేర్చుకున్నారు, కానీ తక్కువ నేర్చుకున్నామనుకున్నారు. ‘సారు పాఠం చెప్పడం లేదు’ అన్న ఫిర్యాదు రాకముందే, మొదటి రోజే ఈ సంగతి చెప్పేయండి.

ఈ వారం పని: ఒక తరగతిలో ఒకే ఒక్క ప్రశ్న. మొదటి ఓటు, రెండో ఓటు, చర్చలో చెవిన పడిన ఒక తప్పు వాదన రాసిపెట్టుకోండి. రెండో ఓటులోనూ సంఖ్య పెరగకపోతే ఆ ప్రశ్నను పారేయకండి. ఐదో పాఠంలో దాన్నే విప్పి, లోపం ఐచ్ఛికాల్లో ఉందో, అంతకు ముందు చెప్పిన పాఠంలో ఉందో చూద్దాం.