డ్రాఫ్ట్ బీరు (పీపా నుంచి ట్యాప్‌తో పట్టే బీరు): తాగే ముందు గ్లాసు చూడండి
నురగ కింద గ్లాసు లోపలి గోడకి బుడగలు గుంపులుగా అతుక్కుంటే, జిడ్డో సబ్బో మిగిలిందని అర్థం. ఆ గ్లాసులో నురగ కూడా నిలవదు. మొహమాటపడకుండా మార్చమనండి.

పోసేటప్పుడు గ్లాసుని 45 డిగ్రీలు వంచి, ట్యాప్‌ని ఒక్కసారిగా పూర్తిగా తెరవాలి. సగమే తెరిస్తే ఉత్త నురగే వస్తుంది. గ్లాసు సగం దాటాక నిటారుగా నిలబెడితే రెండు వేళ్ల మందాన నురగ కడుతుంది. అది వృథా కాదు, బీరు వాసన పైకొచ్చేది దాంతోనే.

ట్యాప్ మూతిని బీరులో ముంచడం మాత్రం అస్సలు ఒప్పుకోకండి. కొన్ని చోట్ల ఇలా చేస్తుంటారు. మూతికి అంటిన బీరులో సూక్ష్మజీవులు పెరిగి తర్వాతి గ్లాసుల్లోకి దిగుతాయి. లాగర్ అనే మామూలు రకం బీరులో పులుపో, వెన్న వాసనో తగిలితే పీపా నుంచి ట్యాప్‌కి బీరు తెచ్చే పైపుల మీద అనుమానపడాలి. వాటిని రెండు వారాలకోసారైనా కడగాలి.