ఫైటింగ్ గేముకు పాత్రలు రాద్దాం – ఐదో పాఠం: దెబ్బలోనే కథ

నాలుగో పాఠం చివర మీ పాత్రకు పూర్వకథ రాసుకోమన్నాను. రాసి ఉంటే ఆ కాగితాలు పక్కన పెట్టండి. పారేయొద్దు, చివర్లో పని పడుతుంది. ఇప్పటికి మాత్రం వాటిని ఎవరూ చదవరనే అనుకుని మొదలుపెడదాం.

నిజంగానే చదవరు. నెల్లూరులో, ఒంగోలులో గంటకింతని తీసుకుని ప్లేస్టేషన్ ఆడించే షాపులు జోరుగా నడిచిన రోజుల్లో అక్కడ కూర్చున్నవాళ్లకు ఈ సంగతి తెలుసు. తెర మీద కథ సీను మొదలవగానే కుర్రాళ్ల బొటనవేలు స్టార్ట్ బటన్ మీద పడేది. గంట లెక్కన డబ్బులు కట్టి ఎవడు కబుర్లు వింటాడు? ఇప్పుడు ఇంట్లో తీరిగ్గా ఆడుకుంటున్నా ఆ అలవాటు పోలేదు. అందుకే బటన్ నొక్కి దాటెయ్యలేని చోట కథ పెట్టడం నేర్చుకోవాలి. నిలబడే తీరు, కొట్టే తీరు, పడి లేచే తీరు, పోరుకు ముందు ఎదుటి మనిషితో అనే ఒక్క మాట. మనకున్న జాగా ఇంతే. ఇది తక్కువేం కాదు.

ఈ పాఠమంతా టెక్కెన్ అనే ఫైటింగ్ గేముల సిరీస్ పట్టుకుని నడుద్దాం. జపాన్ కంపెనీ నామ్కో వాళ్లు దీన్ని 1994లో ఆర్కేడ్లలోకి, అంటే డబ్బులు వేసి ఆడే గేము మెషీన్లలోకి తెచ్చారు. మరుసటేడు ప్లేస్టేషన్‌కు వచ్చింది. ఎనిమిదో ఆట 2024 జనవరిలో విడుదలైంది. ఇన్నేళ్ల కథకూ మూలం మిషిమా వాళ్ల ఇంటి గొడవే. తండ్రి హెయిహాచి ఐదేళ్ల కొడుకు కజుయాను కొండ మీద నుంచి లోయలోకి విసిరేస్తాడు. ఆ కొడుకు పెద్దవాడై పోటీకి వచ్చి, తండ్రిని ఓడించి, అదే కొండ మీద నుంచి పడేస్తాడు. రెండో ఆటలో తండ్రి తిరిగొచ్చి కొడుకును అగ్నిపర్వతంలో పారేస్తాడు. వీళ్ల ముందు మన దాయాదుల గట్టు తగాదాలు చాలా నయం.

1997లో వచ్చిన మూడో ఆటతో కజుయా కొడుకు జిన్ కథలోకి వస్తాడు. మనకు అసలు పాఠం చెప్పేది ఈ కుర్రాడే. తల్లి జున్ దగ్గర పెరిగాడు. పదిహేనో ఏట ఆమె దూరమయ్యాక తాత దగ్గరికి చేరాడు, తాత నాలుగేళ్లు తర్ఫీదు ఇచ్చాడు. ఇదంతా తెలియకపోయినా ఫర్వాలేదు, అతను కొట్టడం చూస్తే చాలు. దెబ్బల్లో కొన్ని మిషిమా వాళ్లవి, కొన్ని తల్లి పుట్టింటి కజామా వాళ్లవి. తండ్రి దగ్గర ఒక్కరోజు పెరగలేదు, కానీ తండ్రి గుద్దే గుద్దుతాడు. దీన్ని ఎవరూ మాటల్లో చెప్పక్కర్లేదు. రెండో ఆటలో కజుయాతో ఆడినవాడి వేళ్లకు ఆ బటన్ల వరస అలవాటే.

మూడో ఆట చివర తాతే జిన్‌ను తుపాకీతో కాలుస్తాడు. నాలుగో ఆట (2001) కథ అక్కడి నుంచి రెండేళ్ల తర్వాత మొదలవుతుంది. తన రక్తం మీదే అసహ్యం పుట్టిన జిన్, మిషిమా పద్ధతిని వదిలేసి ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ వెళ్లి సంప్రదాయ కరాటే నేర్చుకుని వస్తాడు. కథగా చెబితే ఒక్క వాక్యం. ఆటగాడికి మాత్రం అది చేతికి తగిలే దెబ్బ. మూడో ఆటలో నెలల తరబడి సాధన చేసిన వరసలు చాలావరకు పనిచెయ్యవు. మనిషి అదే, ముఖం అదే, చేతులే వేరు. విసుగొస్తుంది. ఆ విసుగులోనే కథ ఉంది: ఇంటి ఆచారం మానుకున్నవాడి ఇబ్బంది ఎట్లా ఉంటుందో ఆటగాడు తన బొటనవేళ్లతో తెలుసుకుంటాడు.

ఇక ఐదో ఆటలో (2004) చేసింది ఇంకా గడుసుపని. తండ్రి రక్తంతో పాటు జిన్ లోపలికి వచ్చిన దెయ్యాన్ని డెవిల్ జిన్ అని వేరే పాత్రగా దించి, మూడో ఆటలోని జిన్ పద్ధతిని దానికి కట్టబెట్టారు. పాత వరసలు కావాలా? దెయ్యాన్ని ఎంచుకోండి. పాత అలవాటు మీద మమకారంతో ఎంతోమంది అటే పోయారు. జిన్ దేన్నుంచి పారిపోతున్నాడో దాన్నే ఆటగాడు ముచ్చటపడి వెనక్కి తెచ్చుకున్నాడన్నమాట. నా లెక్కలో ఈ సిరీస్ మొత్తంలో ఇంతకన్నా మంచి కథా రచన లేదు. ఇందులో ఒక్క డైలాగు కూడా లేదు.

మనమూ చేసి చూద్దాం. ఈ పాఠానికి ఇద్దరిని కల్పిస్తున్నాను. మీ పాత్రలతోనూ ఇదే పని చెయ్యండి.

రమణమ్మది ఇందుకూరుపేట వైపు ఊరు. చుట్టూ రొయ్యల గుంటలు తవ్వాక ఉప్పు నీళ్లు ఊరి ఆమె వరి చేను చచ్చిపోయింది. ఆ చేనూ లీజుకు పోయి గుంటయింది. ఇప్పుడు తన చేలోనే, తను పెంచని రొయ్యలకు రాత్రి కాపలా కాస్తోంది. లీజు కాగితం మీద సంతకం పెట్టింది తమ్ముడు కొండయ్య. పెట్టి, చీమకుర్తి గ్రానైటు క్వారీకి పనికి వెళ్లిపోయాడు. పూర్వకథ అయిపోయింది, ఇంకో మాట వద్దు.

ఇప్పుడు ఆమె ఒంటిని చూడండి. రాత్రంతా జారుడు గట్ల మీద, మోకాలి లోతు బురదలో తిరిగే మనిషి అడుగు పైకెత్తదు, ఈడుస్తుంది. కాబట్టి ఆమెకు ఎగిరి తన్నడం ఉండదు. కింది దెబ్బలు మాత్రం గట్టివి. మేత తిన్నాయో లేదో చూడటానికి చెక్ ట్రేను తాడుతో పైకి లాగుతుంది చూడండి, ఆ ఊపే ఆమె పెద్ద దెబ్బ. ముందు చెయ్యి నిదానంగా కిందికి పోతుంది, రెండో చెయ్యి తాడు అందుకున్నట్టు కలుస్తుంది, ఒక్కసారి నడుముతో లాగుతుంది. ఎదుటివాడు గాల్లోకి లేస్తాడు.

కొండయ్య సమ్మెట మనిషి. దెబ్బ పడితే సగం ప్రాణం పోతుంది. గురి తప్పితే మాత్రం చెయ్యి వెంటనే లేవదు, ఎదుటివాడు తిరిగి కొట్టడానికి రెండో పాఠంలో మనం చెప్పుకున్న ఖాళీ అక్కడ దొరుకుతుంది. పేలుళ్లకు ఎడమ చెవి పోయింది. అందుకని నిలబడినప్పుడు కుడి చెవి ముందుకు పెట్టి, మెడ కాస్త వాల్చి ఉంటాడు. ఎడమ పక్క నుంచి వచ్చే దెబ్బను ఆపడంలో ఒక పిసరు ఆలస్యం. ఆటగాడికి మొదట ఇది బలహీనతగా మాత్రమే తెలుస్తుంది. ఎందుకో తర్వాత ఎప్పుడో తెలుస్తుంది, తెలియకపోయినా నష్టం లేదు.

ఒక్క దెబ్బ మాత్రం ఇద్దరికీ ఒకటే పెట్టండి. చిన్నప్పుడు పీర్ల పండక్కి తమ్ముడు కర్రసాము నేర్చుకుంటుంటే అక్క చాటు నుంచి చూసి పట్టేసింది. ఆ మణికట్టు తిప్పు ఇద్దరికీ ఉంది. ఇద్దరూ ఒకేసారి వేస్తే ఎవరికీ దెబ్బ తగలదు. జిన్‌కు తండ్రి గుద్దు ఎంతో, వీళ్లకు ఇది అంత.

పోరుకు ముందు మాట గురించి. కొత్తగా రాసేవాళ్లు ఇక్కడే మొత్తం కక్కేస్తారు: "నా చేను అమ్ముకున్న ద్రోహీ!" అని. వద్దు. రమణమ్మ ఊరివాళ్లు ఎవరొచ్చినా "పొద్దుపోయింది, ఇంటికి పోండి" అంటుంది. కొండయ్య వస్తే మాత్రం, "ఏం అబ్బయ్యా, అన్నం తిన్నావా?" అంటుంది. వాడు "తిన్నాలే అక్కా" అంటాడు, ఆమె ముఖం చూడకుండా. అంతే, కొట్టుకోవడం మొదలు. అందరితో ఒక మాట, ఒక్కడితో వేరే మాట. ఈ తేడా పట్టుకున్న ఆటగాడు కథ సీను కోసం తానే వెతుక్కుంటాడు. టెక్కెన్‌లో ఇంకో సరదా ఉంది. ఇటీవలి ఆటల్లో ఎవరి భాషలో వాళ్లు మాట్లాడతారు, ఎలుగుబంటి కుమా గుర్రుమంటుంది, అయినా అందరికీ అన్నీ అర్థమవుతాయి. కాబట్టి మీ పాత్రను నెల్లూరు యాసలో మాట్లాడించడానికి భయపడొద్దు. అన్ని మాటలకూ యాస పూయొద్దు, అంతే.

ఓడినవాళ్ల సంగతి ఇంకా ముఖ్యం. పాత టెక్కెన్ ఆటల్లో పాత్రకొక ముగింపు సీను ఉండేది, ఎవరితో ఆడి గెలిస్తే ప్రపంచం వాళ్లది. తర్వాతి ఆట వచ్చేసరికి అందులో ఒక్కరి గెలుపే నిజమని తేలేది. మిగిలిన వాళ్లందరూ ఓడినట్టే. అంటే మీరు రాసే పాత్రల్లో ఎక్కువమంది బతుకు ఓటమి తర్వాతే మొదలవుతుంది. పాల్ ఫీనిక్స్‌ను చూడండి. మూడో ఆట కథలో రాక్షసుడు ఓగర్‌ను పడగొట్టి, పని అయిపోయిందనుకుని ఇంటికి పోయాడు. ఓగర్ రెండో రూపంలో లేస్తాడని అతనికి తెలియదు, దాన్ని ఓడించిన పేరు జిన్‌కు పోయింది. అప్పటి నుంచి తానే గెలిచానన్న పట్టుదల పాల్‌ది. నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది.

ఓడి ఇంటికొచ్చిన వీరుడి కథకు మన నెల్లూరే పుట్టిల్లు. పదమూడో శతాబ్దంలో మనుమసిద్ధి రాజుకూ కాటమరాజుకూ పుల్లరి, అంటే పశువుల మేత పన్ను దగ్గర తగవు వచ్చి యుద్ధమైంది. సైన్యం పోగొట్టుకుని మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కన ఇల్లు చేరితే, భార్య స్నానానికి నీళ్లు తోడి, మంచం చాటు పెట్టి, పసుపు ముద్ద ఉంచిందని చెబుతారు. ఆడవాళ్ల స్నానానికి చేసే ఏర్పాటు అది. తిక్కన తిరిగి యుద్ధానికి పోయి అక్కడే పడిపోయాడు. ఇందులో కత్తి దెబ్బ ఒక్కటి కూడా లేదు, కానీ తర్వాతి పోరుకు కారణం మొత్తం ఆ మంచం చాటున ఉంది. మీ పాత్ర ఓడిపోయాక ఇంటికెళితే ఎవరు ఏం చేస్తారో రాసుకోండి. ఒక్క పనే, మాటలు లేకుండా.

మిషిమా వాళ్లు ఆగరు. ఆగగలిగినవాడు కింగ్. జాగ్వార్ ముసుగు వేసుకునే ఈ మల్లుడు అసలు రెండో కింగ్. మొదటి కింగ్ అనాథ పిల్లల్ని సాకినవాడు, ఓగర్ చేతిలో చచ్చిపోతే ఆ అనాథల్లో ఒకడే ముసుగు అందుకున్నాడు. అతనికి కుస్తీ నేర్పిన ఆర్మర్ కింగ్‌ను మార్డుక్ అనేవాడు చంపాడు. నాలుగో ఆట ముగింపులో కింగ్ ఆసుపత్రిలో పడి ఉన్న మార్డుక్‌ను చంపడానికే వెళతాడు. మంచం పక్కన మార్డుక్ తల్లిదండ్రుల ఫొటో కనబడుతుంది. చంపకుండా వెనక్కి వచ్చేస్తాడు. కొట్టే ఆటలో కొట్టకపోవడం ఎంత బరువైన పనో చూడండి. దాన్ని ఒక్కసారే వాడుకోవాలి.

సిరీస్ సాగే కొద్దీ వచ్చే చిక్కు కూడా ఇక్కడే చెబుతాను. ఆరో ఆటలో జిన్ మిషిమా సంస్థకు అధిపతై ప్రపంచం మీద యుద్ధం ప్రకటిస్తాడు. అజజెల్ అనే భూతాన్ని లేపి, తన రక్తంలోని దెయ్యాన్ని రూపుమాపడానికని తర్వాత చెప్పారు. నాకు ఇది ఒప్పలేదు. నాలుగో ఆటలో చేతులకు తెలిసిన మార్పు ఇక్కడ మాటల్లోనే మిగిలిపోయింది. ఏడో ఆటలో కొండ మీద నుంచి విసిరిన పాత సంగతికి కొత్త కారణం పెట్టారు: భార్య కజుమిలో దెయ్యపు అంశ బయటపడి ఆమె తనను చంపబోయిందని, ఆమెను చంపాక కొడుకులోనూ అది ఉందేమో చూడటానికే విసిరానని హెయిహాచి చెప్పుకుంటాడు. హెయిహాచి లోతు పెరిగిన మాట నిజం. అయితే కారణం లేని క్రూరత్వానికి ఉన్న భయం తగ్గిపోయింది. పైగా ఆ ఆటలో ఇతర పాత్రలకు తలా ఒక పోరు, నాలుగు ముక్కల వివరంతో సరిపెట్టారు. మిషిమా వాళ్ల కోసం ఇంతమందిని ప్రేక్షకుల్ని చేశారు.

ఇక మీ పని. పక్కన పెట్టిన కాగితాలు తీయండి. ప్రతి వాక్యం పక్కనా, ఇది ఏ దెబ్బగా, ఏ నడకగా, ఏ లోపంగా మారిందో రాయండి. మారనివి కొట్టేయండి. కొట్టేయడానికి మనసు రాని వాక్యం ఒకటి ఉంటే, దాన్ని పోరుకు ముందు మాటలో దాచండి, నేరుగా కాదు, అన్నం తిన్నావా అన్నట్టు. తర్వాత మీ పాత్రను రెండో భాగంలోకి తీసుకెళ్లి, ఒక్క దెబ్బ మార్చండి. ఎందుకు మారిందో మీకు తెలిస్తే చాలు.

ఆరో పాఠంలో ఆ గుంట యజమానిని తెస్తాను. అతను ఎవరినీ కొట్టడు, కొట్టనివ్వడు కూడా. అలాంటివాణ్ని ఫైటింగ్ గేములో ఎక్కడ నిలబెట్టాలో ఈలోగా ఆలోచించి ఉంచండి.