ధవళేశ్వరం నుంచి రావులపాలెం వరకు: కాలువ గట్టున సైకిల్ ప్రయాణం

కోనసీమను సైకిలుపై చూడదలచినవారు ధవళేశ్వరం వద్ద కాటన్ బ్యారేజీ మీదుగా గోదావరిని దాటి, బొబ్బర్లంక చేరి, కాలువ గట్టు వెంట ఆత్రేయపురం, లొల్ల లాకుల మీదుగా రావులపాలెం వెళ్లే మార్గాన్ని ఎంచుకోవడం మేలు. నేల చదునుగా ఉంటుంది కనుక ఎదురుగాలి తప్ప వేరే శ్రమ ఉండదు. డిసెంబరు, జనవరి నెలలు అనుకూలం. పొగమంచు తొలగేదాకా దీపాలు వెలిగించే ఉంచాలి.

కోతల కాలంలో రైతులు తారురోడ్డుపై సగం మేర ధాన్యం ఆరబోసి, అంచున రాళ్లు పేరుస్తారు. ఆ గింజలపై చక్రం జారుతుంది. పైగా అది ఒక కుటుంబపు కష్టార్జితం కనుక, దిగి పక్కగా నడిపించుకు వెళ్లడమే మర్యాద. ఆత్రేయపురంలో తప్పక ఆగి, బోర్లించిన వేడి కుండపై పిండిలో ముంచిన గుడ్డ పరిచి లాగగానే పూతరేకు ఏర్పడే తీరును చూడండి.