ఫోబియాకు చికిత్స: భయం మెట్లు ఎలా కట్టుకోవాలి, ఎక్కడ జారతాం

దూరంగా కుక్క కనబడగానే వచ్చిన దారినే వెనక్కి తిరగడం, లిఫ్ట్ ఉన్నా తొమ్మిది అంతస్తులు మెట్లెక్కడం, సూదికి జడిసి రక్తపరీక్షను ఏళ్ల తరబడి వాయిదా వేయడం చూసేవాళ్లకు పిరికితనంలా అనిపించవచ్చు. అది పిరికితనం కాదు. తన భయం అతిగా ఉందని ఆ మనిషికి చాలావరకు తెలుసు. తెలిసినా ఒళ్లు మాట వినదు. అందుకే ‘ఏం కాదులే, ధైర్యం తెచ్చుకో’ అన్న మాట ఎవరికీ పనిచేయదు.

భయాలన్నీ ఫోబియాలు కావు. అసలు ప్రమాదంతో పోలిస్తే భయం చాలా ఎక్కువగా ఉండి, ఆ వస్తువో సందర్భమో ఎదురైన దాదాపు ప్రతిసారీ వెంటనే పుట్టుకొచ్చి, ఆరు నెలలు దాటినా పోకుండా, చదువుకో ఉద్యోగానికో ఇంటి పనులకో అడ్డు పడుతుంటే దాన్ని ఫోబియాగా తీసుకుంటారు. పాములంటే వణికిపోయే మనిషి, పాములే కనబడని చోట హాయిగా బతుకుతుంటే చికిత్స అవసరం లేదు.

చికిత్సకు వెళ్లే ముందు ఒక ప్రశ్నకు కాగితం మీద జవాబు రాసుకోండి: ‘అక్కడ ఏం జరుగుతుందని నా భయం?’ లిఫ్ట్ అంటే భయపడే ముగ్గురిని అడిగితే మూడు జవాబులు వస్తాయి. తాడు తెగి కింద పడుతుందని ఒకరు, గాలి ఆడదని ఇంకొకరు, లోపల గుండెదడ వచ్చి తట్టుకోలేనని మూడో వ్యక్తి అంటారు. మూడో వ్యక్తి భయం నిజానికి లిఫ్ట్ మీద కాదు, తన ఒంట్లో పుట్టే దడ మీద. అలాంటప్పుడు థెరపిస్ట్ ఒకే చోట పరుగు తీయించడం, కుర్చీలో గిరగిరా తిప్పడం లాంటి వాటితో కావాలనే దడ, తల తిరుగుడు తెప్పించి, వాటివల్ల ప్రాణానికి ముప్పు రాదని అనుభవంలో తెలియజేస్తారు. గుండె జబ్బు, మూర్ఛ, ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు ముందుగా డాక్టర్‌ను అడిగి తీరాలి.

భయం ఏళ్ల తరబడి నిలవడానికి పెద్ద కారణం తప్పించుకోవడమే. కుక్కను చూసి పక్కకు తప్పుకోగానే ప్రాణం కుదుటపడుతుంది. ‘తప్పుకున్నాను కాబట్టే బతికాను’ అని మెదడు రాసుకుంటుంది. నిలబడి ఉంటే ఏమయ్యేదో దానికి ఎప్పటికీ తెలియదు. భయపెట్టేదాన్నే కొద్దికొద్దిగా, కావాలని ఎదుర్కొనే ఎక్స్‌పోజర్ థెరపీ ఆ తెలుసుకునే అవకాశాన్నే ఇస్తుంది. ఒక్కో వస్తువుకో సందర్భానికో పరిమితమైన ఫోబియాలకు ఇప్పుడున్న చికిత్సల్లో ముందుగా చెప్పాల్సింది ఇదే.

పద్ధతి ఇది. సున్నా నుంచి 100 వరకు భయానికి మార్కులు వేసుకోండి. కుక్కల భయమైతే ఫొటో చూడటం 20, మొరిగే వీడియో 35, కిటికీలోంచి చూడటం 45, గొలుసు కట్టిన నెమ్మదైన కుక్కకు ఇరవై అడుగుల దూరంలో నిలబడటం 60, అదే గదిలో కూర్చోవడం 75, వీపు నిమరడం 90, ఇలా పది మెట్లు కట్టుకోవచ్చు. మార్కులు మీవి, పక్కవారివి కాదు. కుక్క మాత్రం యజమాని అదుపులో ఉన్న సాధువైనదై ఉండాలి. ముక్కూమొహం తెలియని కుక్కను ముట్టుకోవడం చికిత్సలో భాగం కాదు.

ప్రతి మెట్టుకూ ముందు ఒక జోస్యం రాయండి: ‘పది నిమిషాలు కూర్చుంటే అది నా మీదికి దూకుతుంది, 80 శాతం నమ్మకం.’ పది నిమిషాలూ కూర్చున్నాక ఏం జరిగిందో దాని పక్కనే రాయండి. భయం సగానికి దిగేదాకా కదలకూడదని ఒకప్పుడు గట్టిగా చెప్పేవారు. దిగితే మంచిదే, కానీ దిగకపోయినా జోస్యం తప్పిందని తెలిస్తే ఆ రోజు పని జరిగినట్టే.

జారిపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. భయం తారస్థాయిలో ఉండగా లేచి వచ్చేస్తే పాత పాఠమే మళ్లీ గట్టిపడుతుంది. తోడుగా ఒకరి చెయ్యి గట్టిగా పట్టుకోవడం, కళ్లు మూసుకోవడం, మనసులో అంకెలు లెక్కపెట్టడం కూడా దొంగచాటు తప్పించుకోవడాలే. మొదట్లో ఉన్నా ఒక్కొక్కటిగా వదిలేయాలి. మత్తు మాత్ర వేసుకునో మద్యం తాగో మెట్టెక్కితే, ‘మాత్ర కాపాడింది’ అన్నదే మిగులుతుంది. ఇప్పటికే మాత్రలు వాడుతుంటే సొంతంగా ఆపకండి, రాసిన డాక్టర్‌తో మాట్లాడండి. ఒకే కుక్కతో, ఒకే గదిలో సాధన చేస్తే ధైర్యం ఆ గదికే పరిమితమవుతుంది. కుక్కలూ చోట్లూ మారుస్తుండాలి. అన్నిటికన్నా హాని చేసేది, ఇంట్లోవాళ్లు ‘ఒక్కసారి ముట్టుకుంటే పోతుంది’ అని చెప్పాపెట్టకుండా ముందుకు తోయడం. పిల్లల విషయంలో ఇది అసలు వద్దు.

రక్తం, సూది, గాయాల భయం తీరు వేరు. మిగతా ఫోబియాల్లో గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. అందుకే భయంతో స్పృహ తప్పడం అరుదు. ఇక్కడ మొదట పెరిగి, తర్వాత ఒక్కసారిగా పడిపోతాయి, కళ్లు తిరిగి మనిషి కూలిపోతాడు. కాబట్టి ఒళ్లు వదులు చేసుకోమనే సలహా ఇక్కడ ఎదురు తిరగవచ్చు. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త లార్స్-యోరాన్ ఓస్ట్, తన సహచరులతో కలిసి 1980లలో ఇందుకు వేరే ఉపాయం రూపొందించారు. కూర్చుని చేతులు, కాళ్లు, పొట్ట కండరాలను ముఖంలో వేడి తెలిసేదాకా, 10 నుంచి 15 సెకన్లు బిగించాలి. తర్వాత 20, 30 సెకన్లు మామూలు స్థితికి రావాలి, పూర్తిగా వాలిపోకూడదు. ఇలా ఐదుసార్లు. ముందు ఇంట్లో అలవాటు చేసుకుని, తర్వాత సూది ముందు వాడాలి. సూది గుచ్చే చేతిని మాత్రం వదులుగా ఉంచండి. స్పృహ తప్పే అలవాటుందని నర్సుకు ముందే చెప్పి పడుకోబెట్టమనండి.

తేలికపాటి భయమైతే కింది మెట్లు సొంతంగా ఎక్కవచ్చు. ఒక్కసారిగా విపరీతమైన భయం ముంచుకొచ్చే పానిక్ అటాక్‌లు వస్తున్నా, ఇల్లు కదలలేకపోతున్నా, ఏదైనా ఘోర సంఘటన తర్వాత భయం మొదలైనా క్లినికల్ సైకాలజిస్ట్‌నో సైకియాట్రిస్ట్‌నో కలవండి. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే ఆ రోజే వెళ్లాలి. మొదటి అపాయింట్‌మెంట్‌లోనే మొహమాటం లేకుండా అడగండి: ‘ఎక్స్‌పోజర్ చేయిస్తారా? గది బయటికి నాతో వస్తారా? ఎన్ని సిట్టింగులు? ఇంటి దగ్గర ఏం చేయాలి?’ భయం చిన్ననాట ఎలా పుట్టిందో తవ్వడంతోనే నెలలు గడుస్తుంటే, ఎక్స్‌పోజర్ ఎప్పుడు మొదలవుతుందో అడిగేయండి. మూలం దొరకకపోయినా ఫోబియా తగ్గుతుంది. ఒక్కో వస్తువుకు పరిమితమైన భయానికి కొన్ని వారాల సిట్టింగులు చాలావరకు సరిపోతాయి. సరైన ఏర్పాటు ఉంటే మూడు గంటల వరకు సాగే ఒకే సిట్టింగుతో చేసే పద్ధతి కూడా ఉంది. అదీ ఓస్ట్ రూపొందించిందే.

తగ్గాక కూడా నెలకోసారైనా ఆ కుక్క దగ్గరికో లిఫ్ట్ దగ్గరికో కావాలని వెళ్తుండాలి. ఎప్పుడైనా భయం తిరిగి తలెత్తితే మొదటి మెట్టు నుంచి కాదు, రెండు మెట్లు కిందికి దిగి అక్కడి నుంచి మొదలుపెట్టండి. రెండోసారి ఎక్కడం చాలామందికి మొదటిసారి కన్నా త్వరగా అవుతుంది.