హంసల లెక్కకు వెళ్లే ముందు జాగ్రత్తలు

జనవరిలో ఇంగ్లండ్‌లోని ఊజ్ వాషెస్ అనే చిత్తడి నేలల దగ్గర హంసలు లెక్కపెట్టడానికి పేరిచ్చారా? బయల్దేరే ముందు ఇవి చూసుకోండి.

• ముక్కులు గుర్తుపట్టడం ఇంట్లోనే నేర్చుకోండి, అన్నిటికన్నా ముఖ్యం ఇదే. ఐస్‌లాండ్ నుంచి వచ్చే హూపర్ హంసకు పసుపు రంగు కోసుగా ముక్కు రంధ్రం దాటి ముందుకు వస్తుంది. రష్యా టండ్రా నుంచి వచ్చే బెవిక్ హంస చిన్నది, పసుపు కూడా తక్కువ. నారింజ ముక్కు మీద నల్లటి బుడిపె ఉంటే అది మ్యూట్ హంస.

• బూడిద రంగువి కిందటి వేసవిలో పుట్టిన పిల్లలు. వేరే గడిలో రాయండి. ఆ ఏడు ఎన్ని పిల్లలు బతికి వచ్చాయో తెలిసేది ఆ గడి వల్లే, దయచేసి తొందరలో వదిలేయకండి.

• పగలు అవి కోత అయిన షుగర్ బీట్ (చక్కెర తీసే దుంప) పొలాల్లో మేస్తుంటాయి. రైతు అనుమతి లేకుండా పొలంలో అడుగు పెట్టొద్దు. కారులోంచే చూడండి. మేత ఆపి మెడలు నిక్కించాయంటే మీరు మరీ దగ్గరికి వచ్చేసినట్టే, మెల్లగా వెనక్కి జరగండి.

• చనిపోయిన పక్షిని ముట్టుకోవద్దు, బర్డ్ ఫ్లూ భయం ఉంది.

• సాయంత్రం నాలుగున్నరకల్లా చీకటి. టార్చ్, గ్లవ్స్, ఫ్లాస్కులో వేడి టీ.