తేనెటీగల పుప్పొడిని ఎలా ఎంచుకోవాలి, ఎలా తినాలి?

కూలి ఈగలు పూల పుప్పొడిని కాస్త మకరందంతో తడిపి, వెనక కాళ్లకు చిన్న ఉండలుగా పట్టి తెస్తాయి. పెట్టె గుమ్మం దగ్గర అమర్చిన జల్లెడలో రాలే ఆ ఉండలనే ఆరబెట్టి, బెంగళూరు ఆర్గానిక్ దుకాణాల్లో బీ పోలెన్ పేరుతో అమ్ముతున్నారు.

ముందుగా, ఇది మీకు సరిపడుతుందో లేదో తేల్చుకోండి. ఖాళీ స్థలం కనిపిస్తే చాలు వయ్యారిభామ మొలిచే ఈ నగరంలో పుప్పొడి పడక తుమ్ములతో, ఉబ్బసంతో బాధపడేవారు చాలామంది ఉన్నారు. వయ్యారిభామ, పొద్దుతిరుగుడు, చామంతి ఒకే కుటుంబానికి చెందినవి కనుక, ఒకదాని పుప్పొడి పడనివారికి మరొకటి కూడా పడకపోవచ్చు. అటువంటివారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీనికి దూరంగా ఉండాలి. పసిపిల్లలకు అసలే పెట్టకూడదు. రక్తం పలుచబడే వార్ఫరిన్ వాడేవారు వైద్యుణ్ణి అడగనిదే ముట్టుకోకూడదు.

కొనేటప్పుడు సీసాను వెలుతురులో తిప్పి చూడండి. పసుపు, నారింజ, గోధుమ రంగు ఉండలు కలిసి ఉంటే అవి రకరకాల పూలవని అర్థం. ఉండలు విడివిడిగా దొర్లాలి. ముద్దకట్టినా, ముక్కిన వాసన వచ్చినా తీసుకోవద్దు.

ఎలర్జీ లేనివారు సైతం మొదటి రోజు ఒకటి రెండు ఉండలే నమిలి, మర్నాటి దాకా ఆగాలి. నోరు దురద పెట్టినా, దద్దుర్లు లేచినా వెంటనే మానేయాలి. పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా 108కు ఫోన్ చేయాలి. ఏ ఇబ్బందీ లేకపోతే కొన్ని రోజుల మీద మెల్లగా పెంచుతూ, రోజుకు ఒక చెంచా దగ్గర ఆపితే మంచిది.

పుప్పొడి రేణువు పైపొర చాలా గట్టిది, సులువుగా అరగదు. అందుకే ఉండలను దంచి, కొన్ని గంటలు నీళ్లలోనో పెరుగులోనో నానబెట్టి తినాలి. రాగి జావలో కలుపుకునేవారు జావ బాగా చల్లారాకే కలపాలి, ఎందుకంటే వేడికి కొన్ని విటమిన్లు తగ్గిపోతాయి.

ఇక పోషకాల సంగతి. పూలను బట్టి మారినా, ఇందులో సుమారు ఐదో వంతు ప్రోటీన్, అంతకంటే ఎక్కువ పిండిపదార్థాలు, కొద్దిగా కొవ్వు, బి విటమిన్లు, పొటాషియం, మెగ్నీషియం, జింక్, క్వెర్సెటిన్ వంటి యాంటీ ఆక్సిడెంట్లు ఉంటాయి. వాపును తగ్గించే గుణం ప్రయోగశాలల్లోనూ, జంతువులపైనా కనిపించింది కానీ, మనుషులపై జరిగిన అధ్యయనాలు చిన్నవి. పైగా 5 గ్రాముల చెంచాకు దక్కే ప్రోటీన్ దాదాపు 1 గ్రాము మాత్రమే, అదే ఒక కోడిగుడ్డులో 6 గ్రాములుంటుంది. కాబట్టి దీన్ని నమ్ముకుని పప్పును, మందులను పక్కన పెట్టడం తప్పు.

సీసా తెరిచాక తడి చెంచా తగలనీయకుండా, మూత బిగించి ఫ్రిజ్‌లో ఉంచండి. తేమ చేరితే బూజు పడుతుంది; అలా పడితే పై భాగం తీసేసి వాడుకోకుండా మొత్తం పారేయాలి.